ఏటిమొగలో తొలి గాలము

గుంటూరు సీమలో ప్రత్తియు మిరపయు పండించు నల్లరేగడి పల్లెల పిల్లలకు చేప యన్నచో చెరువు చేపయే. కొరమీను, బొచ్చె, శీలావతి - ఈ పేర్లు వారికి బాగుగా తెలియును. సెలవు దినములలో వెదురుకఱ్ఱకు దారము కట్టి, వానపామును గ్రుచ్చి, కాలువ గట్టున గూర్చుండని బాలుడు అరుదు. కాని మంగళగిరికిని సముద్రమునకును నడుమ నూఱు కిలోమీటర్ల దూరమైనను లేకపోయినను, నీరు తనంతట తాను పెరుగుటయు తగ్గుటయు కన్నులార చూచినవారు ఆ యూరిలో కొలదిమందియే యుందురు. చెరువులో నేర్చిన విద్య ఏటిమొగలో ఎంతవరకు పనికివచ్చును? ఎచ్చట పనికిరాదు? క్రొత్తగా ఆ నీటికడకు పోవువాడు ముందుగా తెలిసికొనవలసిన దేమి? ఈ పాఠమునకు విషయ మిదియే.

మంగళగిరికి ఉత్తరమున కొలది దూరములో కృష్ణానది పాఱుచున్నది. విజయవాడకును సీతానగరమునకును నడుమ 1855లో ముగిసిన ఆనకట్ట యొకటి చాలకాలము నిలిచి, తరువాత 1957లో పూర్తియైన ప్రకాశం బ్యారేజికి చోటిచ్చినది. ఆ బ్యారేజికి 70 గేట్లు కలవు. సీతానగరము కడ బయలుదేరిన పడమటి కాలువ దుగ్గిరాల, తెనాలి ప్రాంతముల పొలములను తడుపుచు దక్షిణముగా సాగును. గేట్లు దాటిన నీరో, నదిగర్భమున ఇసుకతిన్నెల నడుమ ప్రవహించి, పులిగడ్డకడ రెండుగా చీలి, దివిసీమను చుట్టుకొని, పాయలు పాయలుగా బంగాళాఖాతమున కలియును. హంసలదీవికడ అట్టి సంగమ మొకటి కలదు. మాఘపూర్ణిమనాడు వేలకొలది జనులు అచ్చట స్నానము చేయుదురు. నదిగాని, ఉప్పుటేఱుగాని కడలిలో కలియు చోటును తీరవాసులు ‘మొగ’ యందురు.

మంగళగిరి వారికి మొగను, చేపల రేవును ఒక్కచోట చూపగల యూరు నిజాంపట్నము. తెనాలి వఱకు పోయి, అచ్చటినుండి రేపల్లె రైలెక్కి, రేపల్లెలో దిగి దక్షిణముగా పోయినచో ఆ యూరు చేరవచ్చును. పూర్వము గుంటూరు జిల్లాలో నుండిన ఈ యూరు 2022 నుండి బాపట్ల జిల్లాలో చేరినది. నేడు మరపడవల పొగయు ఎండుచేపల వాసనయు నిండిన ఈ రేవు చరిత్ర కెక్కినదే. పెద్దపల్లి యను పేరుతో ప్రసిద్ధమైన ఈ చోట 1606లో డచ్చివారు వర్తకస్థానము నేర్పఱచుకొనిరి. 1611లో ‘గ్లోబు’ అను ఓడలో వచ్చిన ఆంగ్లేయులును ఇచ్చట దిగి, పిమ్మట మచిలీపట్నమునకు పోయిరి. ఆ వర్తకులు కోరినది ఈ సీమ నేతబట్టలను. చేపల నెవరును కోరలేదు. చేపలో, వారు రాకమునుపే యుండెను, వారు పోయిన పిదపను ఉన్నవి.

మొగలోని నీరు చెరువు నీరు వంటిది కాదు, సముద్రపు నీరు వంటిదియు కాదు. సముద్రజలములో లీటరునకు సుమారు 35 గ్రాముల ఉప్పుండును. నదీజలములో ఉప్పు లేనట్లే. ఈ రెండు నీళ్ళు కలియుచోట తేలికయైన మంచినీరు పైని, బరువైన ఉప్పునీరు అడుగున ప్రవహించుట కలదు. పైనీరు సముద్రమువైపు పోవుచుండగనే, అడుగునీరు ఊరివైపు వచ్చుచుండ వచ్చును. కావున పైని తేలు ఆకును చూచి, అడుగున నున్న గాలము ఎటు కొట్టుకొనిపోవునో చెప్పుట క్రొత్తవానికి సాధ్యము కాదు. పైగా ఆ నీటి స్వభావము ఋతువు ననుసరించి మాఱును. వేసవిలో బ్యారేజి నుండి నీరు విడువనప్పుడు ఉప్పు చాలదూరము పైకి ఎగబ్రాకును. 2009 అక్టోబరులోను, 2024 సెప్టెంబరులోను వచ్చిన వఱదలలో బ్యారేజి కడ సెకండునకు 11 లక్షల ఘనపుటడుగులకు మించిన నీరు పాఱినది. అట్టి దినములలో మొగయంతయు ఎఱ్ఱని బురదనీరై, ఉప్పునకు అలవాటుపడిన చేపలు కడలిలోనికి తొలగును. అప్పుడు గాలము వేయుట వ్యర్థము మాత్రమే కాదు, ప్రమాదమును.

ఈ కలగలుపు నీటికి మఱియొక గుణము కలదు. అది పిల్లచేపలకు ఊయలతొట్టి వంటిది. టైగరురొయ్య సముద్రమున పుట్టును. దాని పిల్లలు పోటునీటితో మొగలోనికి వచ్చి, మడచెట్ల వేళ్ళ నడుమ దాగి పెరిగి, మరల కడలికి పోవును. పండుగప్ప పెరుగునది ఏటిలో, ఉప్పుటేఱులలో. గ్రుడ్లు పెట్టుటకు మొగకు, ఉప్పునీటికి దిగివచ్చును. కృష్ణ మొగలలోని మడయడవులు అందువలన మనుష్యులకు వంటచెఱకు కంటె ఎక్కువ విలువగలవి. ఆ యడవులలో కొంత భాగము కృష్ణా అభయారణ్యముగా రక్షింపబడుచున్నది. అందు బావురుపిల్లి యను జంతువు నివసించును. పిల్లిజాతికి నీరన్న గిట్టదందురు గాని, ఇది నీటియొడ్డున కదలక పొంచియుండి, చేపను పంజాతో లాగును. వలసినచో నీట దూకి యీదును. వేటలో ఓర్పు నేర్చుకొనగోరువారికి దానిని మించిన గురువు లేదు. అభయారణ్యపు హద్దులలో అటవీశాఖవారి అనుమతి లేనిదే వేటాడరాదు.

ఇక ఆటుపోట్ల సంగతి. రేవులో ననుభవముగల మత్స్యకారుని కడకు పోయి, “ఏ గాలము కొనవలెను? ఏ యెర మంచిది?” అని యడిగినచో, ఆయన వెంటనే బదులు చెప్పడు. “నీళ్ళు ఎటు పోతున్నాయో చూశావా, బాబూ?” అని తిరిగి ప్రశ్నించును. ఆ ప్రశ్నలోనే సగము విద్య యున్నది.

నీరు పెరుగుట పోటు, తగ్గుట ఆటు. చంద్రసూర్యుల యాకర్షణమే దీనికి కారణము. చంద్రుడు సూర్యునికంటె మిక్కిలి చిన్నవాడైనను, దగ్గఱ నుండుటచేత అతని ప్రభావమే హెచ్చు. మన తీరమున దినమునకు రెండు పోట్లు, రెండు ఆటులు. కాని ఈ ‘దినము’ గడియారపు దినము కాదు, చంద్రుని దినము. అది 24 గంటల 50 నిమిషములు. కావున నేడు వచ్చిన పోటు ఱేపు సుమారు 50 నిమిషము లాలస్యముగా వచ్చును. ఒక మొగలో పౌర్ణమినాటి ఉదయము 9 గంటలకు పోటు నిండినదనుకొనుడు. బహుళపంచమినాటి కది ఎప్పుడు నిండును? అయిదు దినములకు ఏబదేసి నిమిషముల చొప్పున 250 నిమిషములు, అనగా 4 గంటల 10 నిమిషములు. కావున మధ్యాహ్నము 1 గంట 10 నిమిషములకు. ఈ లెక్క కొంచె మటునిటు కావచ్చును గాని, క్రొత్తవానిని అసలు మోసగింపదు. పంచాంగములో తిథి చూచుట తెలిసిన అవ్వ ఇంటనున్న బాలునికి సగము లెక్క అయినట్లే.

పౌర్ణమికిని అమావాస్యకును చంద్రసూర్యులు ఒకే వరుసలో నుందురు. ఇద్దఱ లాగుడును కలిసివచ్చుటచే, ఆ తిథులకు ఒకటి రెండు దినములు అటునిటుగా పోటు చాల ఎక్కువ, ఆటు చాల లోతు. అష్టమి ప్రాంతమున ఒకరి లాగుడును వేఱొకరిది తగ్గించుటచే నీటి కదలిక మందగించును. అంతేకాదు, నీరు ఎల్లప్పుడు ఒకే వేగముతో పెరుగదు. తగ్గుమట్టము నుండి నిండుమట్టమునకు 120 సెంటీమీటర్లు పెరుగవలసి యున్నదనుకొనుడు. సుమారు ఆఱు గంటల కాలములో మొదటి గంట 10, రెండవ గంట 20, మూడవ గంట 30, నాలుగవ గంట 30, అయిదవ గంట 20, ఆఱవ గంట 10 సెంటీమీటర్లు పెరుగును. నడిమి రెండు గంటలలోనే సగము నీరు వచ్చునన్నమాట. ఇది తెలియక, మొదటి గంటలో నీరు మెల్లగా పెరుగుట చూచి, “ఇంకను సమయ మున్నది” యని ఇసుకతిప్పపై నిలిచియున్నవాని వెనుకనుండి నీరు చుట్టుముట్టును. తిప్పకును ఒడ్డునకును నడుమ నున్న పల్లము మొదట నిండును. తాను నిలిచిన చోటు పొడిగానే యుండును. తిరిగి చూచునప్పటికి దారి యుండదు. మొగలలో జరుగు ప్రమాదములకు ఇదియు నొక ముఖ్యకారణము.

వేటకును ఈ లెక్కయే ఆధారము. నీరు నిలకడగా నున్నప్పుడు చేపలు తీరికగా తిరుగును, ఎరను పట్టించుకొనవు. నీరు కదలగనే వానికి ఆకలి పుట్టినట్లుండును. నిజమునకు ఆకలి ముందును ఉన్నదే. ప్రవాహము చిన్నరొయ్యలను, పురుగులను, చేపపిల్లలను మోసికొని వచ్చుటచే, పెద్దచేప వెదుకవలసిన పనిలేక ఒకచోట పొంచియుండును. ఆటునీరు మడయడవిలోని చిన్నకాలువల నుండి వెలుపలకు దిగు చోట్లు, నీటిలో దిగిన స్తంభముల నీడలు, ఇసుకతిప్ప కొనలు, రెండు ప్రవాహములు కలిసి నురుగు గీత కట్టు తావులు - ఇవియే చేపల కాపురములు. క్రొత్తవాడు తొలిదినమున గాలమును సంచిలోనే యుంచి, ఒక పూర్తి ఆటును ఒడ్డున గూర్చుండి చూచినచో మంచిది. నీరు తగ్గినకొలది, నిండునీటిలో కనబడని గోతులు, రాళ్ళు, కాలువలు బయటపడును. వానిని ఒక కాగితముపై గీసికొన్నవాడు, పోటు నిండినప్పుడును అడుగు భాగమును చూడగలిగినవాడగును. ఇంత ఓపిక బాలురకు కష్టమే. పెద్దలకును కష్టమే.

ఆటుపోట్ల వేళలను భారత సర్వేక్షణశాఖవారు ఏటేట పట్టికలుగా ప్రకటింతురు. హైదరాబాదులో 1999లో నెలకొన్న భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవాకేంద్రము అలల యెత్తును, సముద్రస్థితిని, చేపలు దొరకదగిన తావులను మత్స్యకారులకు తెలుపుచుండును. కడలి గాలి సోకని నగరమున గూర్చుండి కడలి సంగతి చెప్పుట వింతగా తోచును గాని, ఉపగ్రహమునకు ఊరితో పనిలేదు.

సామగ్రి విషయమున క్రొత్తవాడు ఎక్కువ వ్యయము చేయుట తగదు. చెక్కముక్కకు చుట్టిన నైలాను దారము, చిన్నవి పెద్దవి కొన్ని గాలములు, సీసపు గుండ్లు, ఒక బెండు, చిన్న కత్తి, మూతగల తొట్టి - ఇవి చాలును. రీలుగల కఱ్ఱను చేయి తిరిగిన పిమ్మట కొనవచ్చును. చేతిదారము పట్టుకొన్నవానికి ఒక లాభము కలదు. ఎరను చేప ముట్టుట, రొయ్య కొఱుకుట, అడుగు రాతికి తగులుట - వీని భేదము వ్రేళ్ళకు నేరుగా తెలియును. గాలపు ముల్లునకు లోపలివైపున నుండు చిన్న యెదురుముల్లును పటకారుతో అణచివేయుట క్రొత్తవానికి మేలు. చేప తప్పించుకొనుట కొంత హెచ్చు కావచ్చును గాని, తన వ్రేలికే గ్రుచ్చుకొన్నప్పుడు సులభముగా వచ్చును. తొలి మాసములలో గాలమునకు చేపకంటె వ్రేలు చిక్కుటయే ఎక్కువ.

ముడి వేయుటలో శ్రద్ధ చూపవలెను. దారపు కొనను గాలపు కంటిలో దూర్చి, ఆ కొనను అసలు దారము చుట్టు అయిదాఱు మెలికలు త్రిప్పి, కంటి దగ్గఱ నేర్పడిన చిన్న యుచ్చులో దూర్చి, మెల్లగా లాగవలెను. బిగించుటకు ముందు ముడిని తడుపవలెను. పొడిదారము బిగియునప్పుడు పుట్టు వేడిమికి నైలాను బలము తగ్గును. చేప పెద్దదగుటచే దారము తెగినదని చెప్పుకొనుట లోకములో పరిపాటి. పెక్కుమాఱులు తెగునది దారము కాదు, వదులుగా వేసిన ముడి వీడును. మంగళగిరి నేతగాండ్ర యిండ్లలోని పిల్లలకు ఈ విద్యలో ఇతరులకు లేని యనుకూల మున్నది. తెగిన పడుగుపోగును రెప్పపాటులో ముడివేయు పెద్దల వ్రేళ్ళను వారు పుట్టినది మొదలు చూచుచునే యున్నారు.

విసురువల గాలముకంటె కష్టమైనది. గొడుగువలె విచ్చుకొను ఈ గుండ్రని వలకు అంచున గుండ్లుండును. దానిని భుజమున, మోచేతిని, కొంత రెండవచేతిని పట్టి, నడుమును త్రిప్పి విసరినప్పుడు అది నీటిపై గుండ్రముగా పఱచుకొని పడవలెను. క్రొత్తవాడు విసరినచో గుమ్మడికాయవలె ఒకేచోట పడును. అందుచే నేర్చువారు మొదట పొడినేలపై విసరి చూతురు. మంగళగిరి బాలునకు ఇంటిముందరి బయలే చాలును. నేలపై వల పదిమాఱులలో ఎనిమిది మాఱులు గుండ్రముగా విచ్చుకొనువఱకు నీటిజోలికి పోనక్కఱలేదు.

మొగలో దొరకు చేపల స్వభావము నెఱుగుట వేటలో మిక్కిలి రుచిగల భాగము. క్రొత్తవాని గాలమునకు తొలుత చిక్కునవి ఇసుకదొందులు. అవి అడుగున ఇసుకలో కలిసిపోయి పడియుండి, కండ్లముందు కదలినదాని నెల్ల మ్రింగును. కత్తిపరిగెలు గుంపులుగా వచ్చి నీటిపై ఎగిరి పడుచుండును. వానిని చూచి ఉత్సాహముతో గాలము వేసినవాడు సాయంకాలము వఱకు ఒక్కదానినైనను పట్టలేడు. ఏలయన, అవి ముఖ్యముగా బురదలోని నాచును, సూక్ష్మపదార్థములను తినునవి. రొయ్యయెర వానికి పట్టదు. మెత్తని పిండిముద్దకు ఎప్పుడైన ఆశపడవచ్చును. మాగ యను చేపకు ఱొమ్ము రెక్కల క్రింద పోగులవంటి మీసము లుండును. మురికినీటిలో కన్ను కనబడనప్పుడు అది వానితో అడుగును తడవి ఆహారమును వెదకును. కనుక కలకనీటిలోను మాగ దొరకును.

జెల్ల కథ వేఱు. సముద్రపు జెల్లలలో మగచేప గ్రుడ్లను నోటిలో నుంచుకొని, పిల్లలు పొదుగబడువఱకు ఉపవాసముండును. నోటినిండ గోలీలవంటి గ్రుడ్లున్న జెల్ల వలలో పడినచో దానిని వెంటనే నీట విడుచుట ధర్మము. జెల్ల వీపు రెక్కకును ఱొమ్ము రెక్కలకును బలమైన ముండ్లుండును. వానికి విషమున్నది. చేతి కవి గ్రుచ్చుకొన్నచో బాధ పెద్దది. ఇసుకలో దాగియుండు టేకుచేప తోకముల్లును అట్టిదే. పల్లపునీటిలో నడచునప్పుడు అడుగు లెత్తి వేయక, కాళ్ళను నేలకు రాచుచు జరిపినచో అది అలికిడి విని తొలగిపోవును. ముల్లు గ్రుచ్చుకొన్నప్పుడు, ఆ భాగమును ఓర్చుకొనగలిగినంత వేడినీటిలో అరగంటకు తక్కువ కాకుండ నుంచినచో బాధ తగ్గును. పిమ్మట వైద్యునికి తప్పక చూపవలెను, ముల్లు లోపల విఱిగియుండ వచ్చును.

పండుగప్పను పట్టుట మొగవేటలో గొప్పతనముగా నెంచుదురు. పెద్దనోరు, వెండిపొలుసులు, బలమైన తోక గల ఈ చేప స్తంభముల నీడలలోను, మడవేళ్ళ మధ్యను పొంచియుండి, ఆటునీటిలో కొట్టుకొనివచ్చు రొయ్యను ఒక్కసారిగా పీల్చివేయును. దీని జీవితములో నొక వింత కలదు. ఇది సాధారణముగా మగదిగా పెరిగి, కొన్నియేండ్లు గడచి పెద్దదైన పిమ్మట ఆడుదిగా మాఱును. అనగా మొగలోని మిక్కిలి పెద్ద పండుగప్పలు తల్లులు. చిన్నవానిని విడిచి పెద్దవానిని పట్టవలెనని చెరువులో నేర్చిన నీతి ఇచ్చట సగమే నిజము. మిక్కిలి చిన్నదానిని విడువవలెను, మిక్కిలి పెద్దదానిని విడిచినను మంచిదే. ఒక్క పెద్ద తల్లిచేప లక్షలకొలది గ్రుడ్లు పెట్టగలదు. విడువదలచిన చేపను తడిచేతులతో పట్టుకొనవలెను. పొడిచేయి తగిలినచో దాని మేనిపై జిగురుపొర పోయి, రోగములకు లోనగును. ఇసుకపై పొరలాడించి, తూనికవేసి, నలుగురకు చూపి, పిమ్మట “విడిచిపెట్టితి” ననుట విడుచుట కాదు.

పీతల వేటలో యానాదుల నేర్పు ప్రసిద్ధము. బురదలోని కన్నమును చూచియే అందు పీత యున్నదో లేదో, ఎంత పెద్దదో వారు చెప్పగలరు. కృష్ణ మొగలలోని మడయడవులలో వట్టిచేతులతో చేపలను, పీతలను పట్టి జీవించు యానాది కుటుంబములు కలవు. వారి తెలివి యే పుస్తకములోను పూర్తిగా వ్రాయబడలేదు. మడపీత డెక్కకు వ్రేలిని నలుగగొట్టు బలమున్నది గనుక క్రొత్తవాడు దానిని వారు కట్టువఱకు ముట్టకుండుట మేలు. పీత పొట్టక్రింది మడతపలక సన్నని ముక్కోణముగా నున్నచో మగది, వెడల్పుగా గుండ్రముగా నున్నచో ఆడుది. ఆ పలకక్రింద గ్రుడ్లున్న పీతను నీట విడువవలెను.

ఇక రేవు. పడవలు కట్టు స్తంభములకు పీచు, నత్తగుల్లలు పట్టియుండును. వానిని తినుటకు చిన్నచేపలు, ఆ చిన్నచేపలకై పెద్దచేపలు వచ్చును. అందుచే రేవుగట్టు క్రొత్తవానికి అనుకూలమైన చోటు. బురద లేదు, లోతు దగ్గఱలోనే యుండును. అయినను రేవు ఆటస్థలము కాదు. నాలుగైదు రాత్రులు కడలిపై నిద్రలేక గడపి వచ్చినవారు మంచుపెట్టెలను దింపుచు, వలలను సర్దుకొనుచు, పాటకై చేపలను వేఱుచేయుచు నుందురు. ఒక గంట ఆలస్యమైనచో చేప చెడును, ధర పడును. వినోదమునకై వచ్చినవాడు వారి దారికి అడ్డముగా దారము వేయరాదు, కట్టుత్రాళ్ళపై నిలువరాదు. ముందుగా రేవు పెద్దల నడిగి, వారు చూపిన మూలన గూర్చుండవలెను. వెనుక నెవరును లేరని చూచుకొననిదే గాలమును విసరరాదు. తెగిన నైలాను దారమును నీట పాఱవేసినచో పక్షుల కాళ్ళకు, తాబేళ్ళ మెడలకు చుట్టుకొనును. కనుక దానిని చుట్టచుట్టి ఇంటికి తేవలెను. నూనెతెట్టు తేలుచున్న మూలలలోని చేపను తినకుండుట మంచిది.

ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వఱకు 61 దినములు తూర్పుతీరమున మరపడవల వేట నిషిద్ధము. చేపలు గ్రుడ్లు పెట్టి పెరుగుటకై ఈ విరామము. ఆ దినములలో రేవు నిండుగా కట్టిన పడవలతో, బాగుచేయబడుచున్న వలలతో, పనిలేక గూర్చున్న మనుష్యులతో నుండును. వారికి రెండు మాసముల రాబడి పోవును. ఒడ్డున గాలము వేయు బాలుడు పట్టు రెండు చేపలకు లెక్క లేకపోవచ్చును గాని, పడవలను కట్టివేసి కూర్చున్నవారి కన్నులయెదుట తొట్టినిండ పిల్లచేపలను మోసికొని పోవుట సిగ్గుపడవలసిన పనియే. అయితే వల యల్లుట, ముడులు వేయుట నేర్పింప తీరికగల గురువులు దొరకునదియు ఆ మాసములలోనే.

రేవులో మొట్టమొదట చూడవలసినది ప్రమాదసూచిక. వాయుగుండము పుట్టినప్పుడు ఓడరేవులలో సంఖ్యలతో హెచ్చరికలు ఎగురవేయుదురు. అవి 11 వఱకు కలవు. ఒకటవ సంఖ్య దూరమున గాలివాన పుట్టినదని తెలుపును. మూడవది ఈదురుగాలులు రేవునకే రానున్నవని చెప్పును. పదవది మహాప్రమాదము. చిన్నసంఖ్యయే గదా యని ఉపేక్షించుట తగదు. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విరుచుకొనిపడి పదివేలకు పైగా జనులను పొట్టపెట్టుకొన్నది. ఊళ్ళకు ఊళ్ళే నీట మునిగినవి. నాడు ఆ తీరపు పల్లెలకు వార్త వేళకు చేరలేదు. నేడు హెచ్చరిక అందఱి చేతులలోని ఫోనులకు చేరుచున్నది. సూచిక యెగిరిన దినమున, అది ఏ సంఖ్యయైనను, మంగళగిరి నుండి బయలుదేరనే కూడదు. బయలుదేరిన పిమ్మట యెగిరినచో గాలమును కోసివేసియైనను వెంటనే తిరుగుముఖము పట్టవలెను.

తక్కిన దినములలోను పెద్దలు తోడు లేనిదే బాలురు మొగకు పోరాదు. ఈత వచ్చినవానికిని ఈ నియమము వర్తించును. చెరువులో ఈత నేర్చినవాడు ఆటునీటి లాగుడును ఎదిరించి ఒడ్డు చేరలేడు. కొట్టుకొనిపోవునప్పుడు నీటికి ఎదురీదక, అడ్డముగా ఒడ్డువైపు ఈదవలెను. పడవ ఎక్కినచో తేలుచొక్కా తొడుగవలెను. తిప్పపైకి పోవుటకు ముందు, తిరిగి రావలసిన వేళను గడియారములో చూచుకొని, ఆ వేళకు అరగంట ముందుగానే బయలుదేరవలెను. చేప గాలమును లాగుచున్నను సరియే.

పట్టిన చేపను వెంటనే మంచులో నుంచవలెను. మంగళగిరి చేరుటకు కొన్ని గంటలు పట్టును. వేసవిలో ఆ వ్యవధి చేప చెడుటకు చాలును. మొప్పలు ఎఱ్ఱగా, కన్ను ఉబ్బెత్తుగా, వ్రేలితో నొక్కిన కండ తిరిగి లేచునట్లున్నచో చేప తాజాగా నున్నదని గుర్తు. ఇంటిలోని పెద్దలకు ఈ గుర్తులు ముందే తెలిసియుండును. మామిడికాయ పులుసో, గుంటూరు మిరపకాయల వేపుడో వారే నిర్ణయింతురు. వేటకు పోయినవానికి ఆ రాత్రి ఇంకొక పని మిగిలియుండును. ఉప్పునీరు ఇనుమును ఒక్క రాత్రిలో తుప్పు పట్టించును. గాలములను, గుండ్లను, కత్తిని, దారమును మంచినీట రెండు పర్యాయములు కడిగి, గుడ్డతో తుడిచి, నీడలో ఆరనిచ్చి, గాలములకు కొంచెము నూనె రాచి, ముండ్లను బెండులో గ్రుచ్చి, చిన్నపిల్లల కందని చోట భద్రపఱచవలెను.